జర్మన్ స్వేచ్ఛా నగరాల వెండి నాణేలు: ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

కొత్తబిళ్ళ (హాంబర్గ్)
అందరికీ నమస్కారం. ఉద్యోగం కోసం హాంబర్గ్ వచ్చాను. ఇక్కడి సంతలో ఒకాయన దగ్గర పాత జర్మన్ వెండి నాణేలు చూశాను. అన్నింటి మీదా ఎవరో ఒక రాజు తలకాయ ఉంది. 1909 నాటి 3 మార్కుల నాణెం మీద మాత్రం తల లేదు. మూడు బురుజుల కోట, దానికి అటూ ఇటూ సింహాలు, చుట్టూ ఊరి పేరు. అడిగితే "ఇది స్వేచ్ఛా నగరం, మాకు రాజు లేడు" అన్నాడు. ఆ మాట బాగా పట్టేసింది. ఇలాంటివి ఏయే నగరాలు వేశాయి? నెలకు వంద యూరోల లోపు పెట్టగలను. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

మైన్‌గట్టు (ఫ్రాంక్‌ఫర్ట్)
స్వాగతం బ్రదర్. మంచి చోటే కన్ను పడింది.

పవిత్ర రోమన్ సామ్రాజ్యం ఉన్న రోజుల్లో కొన్ని నగరాలు ఏ డ్యూక్‌కూ, బిషప్‌కూ లొంగకుండా నేరుగా చక్రవర్తి కిందే ఉండేవి. వాటిలో చాలా నగరాలకు సొంత టంకశాల హక్కు ఉండేది. న్యూరెంబర్గ్, ఆగ్స్‌బర్గ్, రేగెన్స్‌బర్గ్, ఉల్మ్, కొలోన్, ఫ్రాంక్‌ఫర్ట్, హాంబర్గ్, లూబెక్, బ్రెమెన్ ఇలా. 1803లో నెపోలియన్ ఒత్తిడితో మ్యాప్ అంతా తిరగరాస్తే సుమారు యాభై నగరాల్లో ఆరే మిగిలాయి. ఆగ్స్‌బర్గ్, న్యూరెంబర్గ్ కూడా 1806 కల్లా బవేరియాలో కలిసిపోయాయి. 1815 తర్వాత నిలిచినవి నాలుగు: హాంబర్గ్, బ్రెమెన్, లూబెక్, ఫ్రాంక్‌ఫర్ట్. 1866లో ప్రష్యా ఫ్రాంక్‌ఫర్ట్‌ను ఆక్రమించి కలిపేసుకుంది. 1937లో లూబెక్ హోదా పోయింది. హాంబర్గ్, బ్రెమెన్ ఈ రోజుకీ సొంత రాష్ట్రాలే. నువ్వు రోజూ చూసే కార్ల నంబర్ ప్లేట్ మీద HH అనే రెండు అక్షరాలు ఉంటాయి కదా, అవి "హాన్సా నగరం హాంబర్గ్" అనే చెబుతున్నాయి. హాన్సా అంటే ఉత్తరాది వర్తక నగరాల పాత కూటమి.

కాబట్టి సేకరణలో మూడు అంచెలు ఉన్నాయి. 1806కు ముందు పాత సామ్రాజ్య నగరాలు, 1815 నుంచి 1871 వరకు నాలుగు నగరాలు, 1871 తర్వాత మార్కుల కాలంలో మూడు హాన్సా నగరాలు. నువ్వు చూసింది మూడో అంచెది. చవకైనదీ, సులువైనదీ అదే.

ఎల్బేతీరం (హాంబర్గ్)
చిన్న సవరణ. "మాకు రాజు లేడు" అన్నది 19వ శతాబ్దానికి సరిగ్గా సరిపోతుంది. అంతకు ముందు వాటి మీద ఒకవైపు ఊరి బొమ్మో, ఊరి ముద్రో ఉంటే రెండోవైపు రెండు తలల గద్ద, చక్రవర్తి పేరు ఉండేవి. కొన్నింటి మీద ఆయన బొమ్మే ఉంటుంది. ఊరు స్వేచ్ఛగా ఉన్నది చక్రవర్తి నీడలోనే కాబట్టి ఆ మర్యాద తప్పదు. 1806లో చక్రవర్తి పదవే పోయాక ఊరి పేరు ఒక్కటే మిగిలింది. ఒకే నగరానివి ముందు, తర్వాత రెండు నాణేలు పక్కన పెట్టి చూస్తే ఆ మార్పు కంటికి కనిపిస్తుంది.

తక్కెడ (మ్యూనిక్)
నేను లోహం వైపు నుంచి చెబుతాను. ఈ నాణేల్లో నాకు నచ్చేది ఏమిటంటే, అందులో ఎంత వెండి ఉందో చాలా వాటి మీద అదే రాసి ఉంటుంది.

టాలర్ అంటే పాత జర్మన్ పెద్ద వెండి నాణెం. అందులో ఒప్పందపు తూకంతో వేసిన న్యూరెంబర్గ్ కన్వెన్షన్ టాలర్ తీసుకోండి. దాని మీద "పది కలిపితే ఒక స్వచ్ఛమైన మార్క్" అని ఉంటుంది. ఇక్కడ మార్క్ అంటే డబ్బు కాదు, తూకం: కొలోన్ మార్క్, 233.855 గ్రాములు. పదో వంతు అంటే 23.39 గ్రాముల అసలు వెండి. రాగి కలిపిన మొత్తం బరువు 28.06 గ్రాములు.

ఇంకో ఉదాహరణ. 1838 డ్రెస్డెన్ ఒప్పందం ప్రకారం ఫ్రాంక్‌ఫర్ట్ వేసిన రెండు టాలర్ల పెద్ద నాణెం మీద "3½ గుల్డెన్, 2 టాలర్" అని రెండు లెక్కలూ ఉంటాయి. ఉత్తరాన టాలర్, దక్షిణాన గుల్డెన్ నడిచేవి కాబట్టి రెండు చోట్లా చెల్లాలని అలా వేశారు. ఏడు కలిపితే ఒక మార్క్, ఒక్కోటి 37.12 గ్రాములు. చేతిలో పెట్టుకుంటే మూడు తులాలు దాటిన ముద్ద!

1857 వియన్నా ఒప్పందంతో తూకం మారింది. 500 గ్రాముల పౌండుకు ముప్పై నాణేలు. అందుకే ఆ ఒప్పందం ప్రకారం వేసిన ఫెరైన్స్‌టాలర్ మీద "ముప్పై, ఒక పౌండు స్వచ్ఛం" అని ఉంటుంది. 500ను 30తో భాగిస్తే 16.67 గ్రాముల వెండి. 900 టంచు (వెయ్యి వంతుల్లో 900 వెండి) కాబట్టి నాణెం బరువు 18.52. నాణెం కొనేముందు దాని మీద రాసిన లెక్క, తక్కెడ చూపే లెక్క కలిశాయా లేదా చూడండి. అంతకంటే మంచి మొదటి పాఠం లేదు.

పాతరూపాయి (రాజమండ్రి)
నేను మన పాత రూపాయల మనిషిని, అయినా ఈ చర్చ వదల్లేకపోతున్నాను. మన బ్రిటిష్ ఇండియా రూపాయి సరిగ్గా ఒక తులం, 11.66 గ్రాములు, 917 టంచు. ఈ జర్మన్ మార్కులు ఎంత ఉంటాయి తక్కెడ గారూ?

తక్కెడ (మ్యూనిక్)
2 మార్కులు 11.11 గ్రాములు, 3 మార్కులు 16.67, 5 మార్కులు 27.78. అన్నీ 900 టంచు. మార్కుకు సరిగ్గా 5 గ్రాముల అసలు వెండి అన్నది సూత్రం. రూపాయిలో సుమారు 10.7 గ్రాముల వెండి ఉంది కాబట్టి వెండి లెక్కన మీ రూపాయి, వీళ్ల 2 మార్కులు దగ్గర దగ్గర.

కొత్తబిళ్ళ (హాంబర్గ్)
అద్భుతంగా చెబుతున్నారు. అయితే హాంబర్గ్, లూబెక్, బ్రెమెన్ మూడింటివీ ఒక్కో 3 మార్కుల నాణెం కొంటే సెట్ అయిపోతుందా?

వేజర్ (బ్రెమెన్)
అవ్వదండీ. బ్రెమెన్ 3 మార్కుల నాణెమే వేయలేదు. 1871 తర్వాత జర్మన్ సామ్రాజ్య కాలంలో మా ఊరి వెండి నాణేలు రెండే రెండు: 1904లో 2 మార్కులు, 1906లో 5 మార్కులు. మొదటిది లక్ష వేశారు, రెండోది 40 వేల పైచిలుకు మాత్రమే. రెండింటి మీదా డాలులో సెయింట్ పీటర్ తాళంచెవి ఉంటుంది. అది మా ఊరి గుర్తు. మూడు ఊళ్లూ కావాలంటే 2 మార్కుల వరసలో వెళ్లండి.

బ్రెమెన్ గురించి మాట్లాడే అవకాశం వచ్చింది కాబట్టి ఇంకాస్త చెప్పనివ్వండి. జర్మనీ మొత్తం వెండి లెక్కలో నడుస్తుంటే మా ఊరి వ్యాపారులు మాత్రం బంగారం టాలర్ లెక్కలో పద్దులు రాసేవాళ్లు. ఒక టాలర్‌కు 72 గ్రోటెన్, ఒక గ్రోటెన్‌కు 5 ష్వారెన్. మరి చేతికి నాణెం కావాలి కదా, ఆ బంగారం లెక్కకు సరిపోయేలా వెండితో 36 గ్రోటెన్, 12 గ్రోటెన్, 6 గ్రోటెన్ వేశారు. 36 గ్రోటెన్ టంచు 986, అంటే దాదాపు మేలిమి. రాగి తక్కువ కాబట్టి ఆ వెండి మెరుపే వేరు. దాని బరువు సుమారు 8.77 గ్రాములు, అర టాలర్. 1863లో నెపోలియన్ మీద విమోచన యుద్ధాల యాభై ఏళ్లకు, 1865లో షూటింగ్ పోటీలకు, 1871లో ఫ్రాన్స్‌తో శాంతి ఒప్పందానికి ఒక్కో టాలర్ వేశారు. ఆ 1871 టాలర్‌తో మా ఊరి సొంత లెక్క చివరికొచ్చింది.

త్రావెగట్టు (లూబెక్)
లూబెక్ తరఫున నేను మాట్లాడతాను. మా ఊరి గుర్తు రెండు తలల గద్ద, దాని రొమ్ము మీద చిన్న డాలు. చక్రవర్తి పోయినా ఆ గద్దను మా వాళ్లు వదల్లేదు. 1379లోనే హాంబర్గ్, విస్మార్, ల్యూనెబర్గ్‌లతో కలిసి నాణేల సంఘం పెట్టుకున్న ఊరిది. అందుకే తర్వాత శతాబ్దాల్లో కూడా హాంబర్గ్, లూబెక్ లెక్క ఒకటే: మార్కుకు 16 షిల్లింగులు, షిల్లింగుకు 12 ఫెన్నిగులు. ఈ వరసలో నాకిష్టమైనది 1752 నాటి 48 షిల్లింగుల నాణెం. కానీ అది మొదటి నెలలోనే కొనే సరుకు కాదు.

మార్కుల కాలంలో లూబెక్ నాణేలు బెర్లిన్‌లో వేశారు, టంకశాల అక్షరం A. 2 మార్కులు 1901లో 25 వేలు మాత్రమే, తర్వాత 1904 నుంచి 1912 వరకు. 3 మార్కులు 1908 నుంచి 1914 వరకు. 5 మార్కులు 1904లో మొదలయ్యాయి, అవి ఎప్పుడూ కొద్దికొద్దిగానే వేశారు కాబట్టి ధర గట్టిగా ఉంటుంది. నా సలహా: హాంబర్గ్ 3 మార్కులతో మొదలెట్టి, రెండోదిగా లూబెక్ 3 మార్కులు. బ్రెమెన్ కోసం డబ్బు దాచుకోండి.

మైన్‌గట్టు (ఫ్రాంక్‌ఫర్ట్)
మీరంతా సముద్రం వైపే లాగుతున్నారు. నా మాట వినండి, మొదటి నాణెం ఫ్రాంక్‌ఫర్ట్ ఫెరైన్స్‌టాలర్ అయితేనే ఈ వ్యసనం అంటుకుంటుంది.

దాని మీద ఒక స్త్రీ బస్ట్ ఉంటుంది. జడ అల్లిన కొప్పు, పక్కకు తిరిగిన ముఖం. ఆమె ఫ్రాంకోఫుర్టియా, ఊరినే స్త్రీగా చెక్కారు. చెక్కిన శిల్పి ఆగస్ట్ ఫాన్ నార్డ్‌హైమ్, బస్ట్ కింద సన్నని అక్షరాల్లో ఆయన పేరు కూడా ఉంటుంది. అప్పట్లో ఫ్రాంక్‌ఫర్ట్ రంగస్థలం మీద ఫానీ యానౌషెక్ అనే నటికి పెద్ద పేరు. ఈ ముఖం ఆమెదేననీ, ఆమె బ్యాంకర్ రోత్‌షీల్డ్‌కు ప్రియురాలనీ జనం కథ అల్లారు. ఇప్పటికీ డీలర్లు దీన్ని "రోత్‌షీల్డ్ ప్రియురాలి టాలర్" అంటారు. కథ కథే. నాణెం మీదున్నది నగరం.

ఇక జ్ఞాపకార్థ నాణేలు చూస్తే 19వ శతాబ్దపు జర్మన్ చరిత్ర అంతా మా ఊళ్లోనే ఉంది. 1848 మే 18న పాల్స్‌కిర్ఖె చర్చిలో మొదటి జాతీయ సభ కూర్చున్నందుకు ఒక రెండు గుల్డెన్. అదే ఏడు జూన్ 29న ఆర్చ్‌డ్యూక్ యోహాన్‌ను రీజెంట్‌గా ఎన్నుకున్నందుకు ఇంకొకటి. 1849 మార్చి 28న ప్రష్యా రాజును చక్రవర్తిగా ఎన్నుకుని దానికీ నాణెం వేశారు. ఆయన కిరీటం వద్దన్నాడు. ఆ నాణెం ఇప్పుడు చాలా అరుదు. అదే ఏడు కవి గ్యోటే పుట్టి వందేళ్లయినందుకు, 1859లో కవి షిల్లర్ శతజయంతికి, 1863 ఆగస్టు 17న రాజుల సమావేశానికి కూడా వేశారు. ఆ సమావేశానికి ఆస్ట్రియా చక్రవర్తి అందర్నీ పిలిస్తే ప్రష్యా ప్రధాని బిస్మార్క్ పట్టుబట్టి తన రాజును వెళ్లనివ్వలేదు. మూడేళ్లకు ప్రష్యా సైన్యం ఊళ్లోకి వచ్చింది, కోట్ల గుల్డెన్ల పరిహారం కట్టమంది. ఆ అవమానం తట్టుకోలేక మేయర్ ఫెల్నర్ 1866 జులై 24న ఉరి వేసుకున్నాడు. 1863 నాణెం చేతిలో పట్టుకున్నప్పుడల్లా నాకు ఆ మూడేళ్లే గుర్తొస్తాయి.

తక్కెడ (మ్యూనిక్)
మైన్‌గట్టు గారి ప్రేమ నాకు తెలుసు, కానీ కొత్తవాళ్లకు టాలర్ మొదటి నాణెంగా వద్దంటాను. కారణం ఉంది. టాలర్లు 1871లో జర్మన్ సామ్రాజ్యం వచ్చాక కూడా 3 మార్కుల విలువతో 1907 దాకా చెల్లాయి. అంటే యాభై ఏళ్లు జేబుల్లో, గల్లా పెట్టెల్లో తిరిగినవి. చాలా వాటిలో ఫ్రాంకోఫుర్టియా చెంప, చెవి పైనున్న జుట్టు అరిగిపోయి నున్నగా ఉంటాయి. ఆ అరుగుదలను దాచడానికి పాలిష్ పెట్టి అమ్మేవాళ్లున్నారు. నగగా వేసుకోవడానికి కొక్కెం అతికించి, తర్వాత తీసేసినవి మరీ ఎక్కువ. పన్నెండు గంటల దగ్గర అంచు మీద గీకిన జాడ చూసి కనిపెట్టడం అలవాటు కావాలి.

టాలర్లు రద్దయ్యాక ఆ విలువ నాణెం లేని లోటు తీర్చడానికే 1908లో 3 మార్కులు వచ్చాయి. అవి ఆరేళ్లు తిరిగేసరికి యుద్ధం వచ్చి జనం వెండి దాచేసుకున్నారు. అందుకే మంచి కండిషన్‌లో సులువుగా దొరుకుతాయి. ముందు బాగున్న నాణెం ఎలా ఉంటుందో కన్ను నేర్చుకోవాలి. ఆ తర్వాత టాలర్.

మైన్‌గట్టు (ఫ్రాంక్‌ఫర్ట్)
కొక్కెం విషయం ఒప్పుకుంటాను. మిగతా దాంట్లో మాత్రం నా మాట నాదే. కథ లేని నాణెం ఎంత మెరిసినా డ్రాయర్‌లో పడి ఉంటుంది.

ఎల్బేతీరం (హాంబర్గ్)
కథలు హాంబర్గ్‌కీ ఉన్నాయి. 1809 అని తేదీ ఉన్న 32 షిల్లింగుల నాణెం ఒకటుంది. కొన్నింటి మీద సి.ఏ.ఐ.జి. అనే నాలుగు అక్షరాలు ఉంటాయి. అవి 1809లో వేసినవి కావు.

హాంబర్గ్ బ్యాంకు 1619లో పెట్టారు. వ్యాపారులు అక్కడ వెండి కడ్డీలు జమ చేస్తే పుస్తకంలో మార్క్ బాంకో అనే లెక్కలో రాసేవారు. ఒకరి ఖాతా నుంచి ఇంకొకరి ఖాతాకు కలం గీతతో డబ్బు మారేది, వెండి కదిలేది కాదు. అంత నమ్మకం ఆ బ్యాంకు మీద. 1813లో ఊరు ఫ్రెంచి వాళ్ల చేతిలో ఉంది, రష్యన్ సైన్యం ముట్టడికి వస్తోంది. మార్షల్ దవూ తన సైన్యానికి జీతాలివ్వడానికి ఆ ఏడాది నవంబర్‌లో బ్యాంకు వెండిని స్వాధీనం చేసుకున్నాడు. దాంతో పాత తేదీతోనే 32 షిల్లింగులు కొట్టించాడు. ఆ నాలుగు అక్షరాలు అప్పటి ఫ్రెంచి టంకశాల అధికారివి. అంటే పౌరుల డిపాజిట్‌నే నాణెంగా మార్చి, వాళ్లను అణచడానికి వచ్చిన సైనికుడికి ఇచ్చారు. ఆ వెండిని మీరు ఇవాళ చేత్తో పట్టుకోవచ్చు.

మైన్‌గట్టు (ఫ్రాంక్‌ఫర్ట్)
ఎల్బేతీరం అన్నా, దానికి జోడీ మా దగ్గరుంది. 1796లో ఫ్రెంచి సైన్యం ఫ్రాంక్‌ఫర్ట్ మీద భారీ దండుగ వేసింది. ఊళ్లో నగదు చాలలేదు. చర్చిల్లోని పాత్రలు, ఇళ్లల్లోని వెండి సామాను కరిగించి టాలర్లు కొట్టారు. నాణెం మీద అదే రాశారు: "ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు చర్చిల, పౌరుల పాత్రల నుంచి." ఒక ఊరు తన బాధను నాణెం మీద అంత సూటిగా రాసుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. ధర ఎక్కువే, కానీ నా సేకరణలో చివరిదాకా ఉండేది అదే.

పసుపుకుంకుమ (హైదరాబాద్)
చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఒక డౌటు. మా అన్నయ్య జర్మనీ నుంచి లూబెక్ 3 మార్కులు తెచ్చిచ్చాడు, నల్లగా ఉంది. ఇంట్లో వెండి కుందుల్ని చింతపండు, విభూతితో తోముతాం కదా, అలా తోమొచ్చా?

త్రావెగట్టు (లూబెక్)
వద్దమ్మా, దయచేసి వద్దు! ఆ నలుపు వెండి మీద గాలికి పట్టిన పొర, అది నాణేన్ని పాడుచేయదు. సమంగా పట్టిన పొరకు సేకరణదారులు ఎక్కువ ధర ఇస్తారు. విభూతి పొడి పైకి మెత్తగా ఉన్నా వెండి మీద సన్నటి గీతలు పెడుతుంది. భూతద్దంలో చూస్తే గద్ద రెక్కల ఈకల మధ్య ఆ గీతలన్నీ కనిపిస్తాయి, ఇక అవి పోవు. జిడ్డు అనిపిస్తే డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, రుద్దకుండా మెత్తని గుడ్డ మీద ఆరనివ్వండి. చవక ప్లాస్టిక్ ఆల్బమ్‌లో మాత్రం పెట్టకండి. పీవీసీ ఉంటే కొన్నాళ్లకు ఆకుపచ్చ జిగురు పడుతుంది.

కొత్తబిళ్ళ (హాంబర్గ్)
నకిలీల సంగతి ఏమిటి? బ్రెమెన్ 5 మార్కులు ఆన్‌లైన్‌లో నమ్మలేనంత చవగ్గా కనిపిస్తున్నాయి. టెన్షన్‌గా ఉంది.

తక్కెడ (మ్యూనిక్)
నమ్మలేనంత చవకైతే నమ్మకు. అరుదైనవాటికే నకిలీలు ఎక్కువ. బ్రెమెన్ 1906, లూబెక్ 5 మార్కులు వాటిలో ముందుంటాయి.

ఇంట్లో చేసుకునే పరీక్ష చెబుతాను. 0.01 గ్రాము చూపే చిన్న తక్కెడ చాలు. ముందు నాణెం తూచు: 27.78కి దగ్గర ఉండాలి. అరిగినది కాస్త తగ్గొచ్చు, పెరగకూడదు. తర్వాత తక్కెడ మీద గ్లాసులో నీళ్లు పెట్టి సున్నా చెయ్యి. నాణెం నడుముకు సన్నని దారం కట్టి, అడుగును గానీ అంచును గానీ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకో. తక్కెడ సుమారు 2.69 చూపాలి. బరువును దానితో భాగిస్తే 10.3 వస్తుంది, అదే 900 టంచు వెండి సాంద్రత. 8, 9 దగ్గర ఆగిందంటే అది వెండి పూత వేసిన ఇత్తడో ఇంకేదో. 3 మార్కులకైతే సుమారు 1.62, ఫెరైన్స్‌టాలర్‌కు 1.8 చూపాలి.

తర్వాత అంచు. 3, 5 మార్కుల అంచు మీద "దేవుడు మనతో" అన్న అర్థంలో జర్మన్ అక్షరాలు లోపలికి చెక్కి ఉంటాయి. 2 మార్కులకు గీతలు మాత్రమే. ఫ్రాంక్‌ఫర్ట్ టాలర్ అంచు మీద ఆ ఊరి నినాదం "న్యాయంలో దృఢం" ఉంటుంది. నకిలీల్లో ఈ అంచు రాత అస్పష్టంగానో, అక్షరాల మధ్య ఎడం తేడాగానో ఉంటుంది. అంచు ఫోటో అడుగు. పంపనివాడి దగ్గర కొనకు.

పాతరూపాయి (రాజమండ్రి)
ఇంత వెండి కథ నడుస్తుంటే మన వైపు ముక్క ఒకటి చెప్పాలి. 1871, 1873 చట్టాలతో జర్మనీ బంగారం ప్రమాణానికి మారింది. పాత టాలర్లు, గుల్డెన్లలో చాలా భాగం వెనక్కి తీసుకుని, కరిగించి, 1870లలో వెండిని మార్కెట్లో అమ్మింది. అదే సమయంలో అమెరికా గనుల నుంచి కూడా వెండి వరదలా వచ్చింది. ధర పడిపోతుంటే నష్టం చూసి 1879లో బిస్మార్క్ అమ్మకం ఆపించాడు. కానీ అప్పటికే దెబ్బ తగిలింది మన రూపాయికి. అది వెండి నాణెం కదా. దాదాపు 2 బ్రిటిష్ షిల్లింగులు పలికిన రూపాయి 1893 నాటికి షిల్లింగుంపావుకు దిగింది. లండన్‌కు పౌండ్లలో కట్టాల్సిన ఖర్చులకు అన్నే ఎక్కువ రూపాయలు మన జనం నుంచి పిండారు. చివరికి 1893 జూన్‌లో ఇండియా టంకశాలల్లో వెండి తెచ్చినవాళ్లకు రూపాయలు కొట్టివ్వడం ఆపేశారు. ఫ్రాంక్‌ఫర్ట్ టాలర్ కొలిమిలో పడటానికీ, గోదావరి జిల్లాల రైతు చేతిలో రూపాయి విలువ తగ్గడానికీ ఇంత దగ్గరి సంబంధం ఉంది. అందుకే ఈ నాణేలు నాకు పరాయివి అనిపించవు.

ఎల్బేతీరం (హాంబర్గ్)
పాతరూపాయి గారూ, ఇది మా వాళ్లందరికీ చూపిస్తాను. ధన్యవాదాలు.

పసుపుకుంకుమ (హైదరాబాద్)
మా ఇంట్లో తాతగారి నిజాం రూపాయలున్నాయి. అన్నయ్య వాటిని జర్మనీ తీసుకెళ్లి ఎవరితోనైనా మార్చుకుంటానంటున్నాడు. కుదురుతుందా?

పాతరూపాయి (రాజమండ్రి)
వందేళ్లు దాటినవైతే వద్దని చెప్పమ్మా. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ల పైబడిన నాణెం పురావస్తువే. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించడం నేరం. తాతగారివి ఇంట్లోనే ఉండనివ్వండి. చార్మినార్ ఉన్న రూపాయలైతే వాటి గురించి ఇక్కడ కొత్త చర్చ మొదలుపెట్టు, నేను వస్తాను.

వేజర్ (బ్రెమెన్)
కొత్తబిళ్ళ గారూ, మర్చిపోయేలోపు ఒకటి. జర్మనీ 2 యూరోల రాష్ట్రాల వరసలో 2006లో లూబెక్ హోల్‌స్టెన్ ద్వారం, 2008లో హాంబర్గ్ సెయింట్ మైకేల్ చర్చి, 2010లో బ్రెమెన్ టౌన్‌హాల్, 2015లో పాల్స్‌కిర్ఖె వచ్చాయి. చిల్లరలో ఇప్పటికీ దొరుకుతాయి. నాలుగు ఊళ్ల సెట్ 8 యూరోలకే అయిపోతుంది. వాటి మీద టంకశాల అక్షరం J ఉంటే అది మీ హాంబర్గ్‌లో వేసినదే. 1909 నాణెం మీదున్న J కూడా ఆ ఊరి టంకశాలదే.

కొత్తబిళ్ళ (హాంబర్గ్)
శనివారం మళ్లీ సంతకు వెళ్తున్నాను, తక్కెడ కూడా కొన్నాను. ఆయన దగ్గర హాంబర్గ్ 3 మార్కులు చాలా ఏళ్లవి ఉన్నాయి. ఏ ఏడాదిది తీసుకోవాలి?

త్రావెగట్టు (లూబెక్)
1908 నుంచి 1914 వరకు ఏదైనా ఫర్వాలేదు, జర్మన్ నాణేల యేగర్ కేటలాగులో అన్నింటికీ నంబర్ ఒకటే: 64. ఏడాది చూడకు, అరుగుదల చూడు. ముందు సింహాల జూలు, తర్వాత కోట మధ్య బురుజు, వెనక తిప్పి గద్ద రొమ్ము మీది చిన్న డాలు. ఈ మూడు చోట్లే మొదట అరుగుతాయి. డీలర్ "ఫోర్‌త్సూగ్లిష్" అంటే చాలా బాగున్నట్టు, "సేర్ ష్యోన్" అంటే మధ్యస్థం. మాట విని ఆగిపోకు, వెలుతురులో వాలుగా తిప్పి చూడు. బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ జాగా మీద మెరుపు చక్రంలా తిరుగుతూ కదిలితే అది అసలు టంకశాల మెరుపు. అద్దంలా ఒకేసారి మెరిసి ఆగితే ఎవరో పాలిష్ పెట్టారు, పక్కన పెట్టెయ్. ఒకే ధరకు రెండుంటే కాస్త నల్లబడినదే తీసుకో.